3,420 అడుగుల కాఫీ!

మీరెప్పుడైనా 3,420 అడుగుల కాఫీ తాగారా? నేను తాగాను. నాతోపాటు ఒక పెద్దాయన కూడా తాగాడు. ఆ లెక్క కట్టింది కూడా ఆయనే.

కంగారు పడకండి, లెక్క సులువే. 35 ఎం.ఎం. ఫిల్ము ప్రొజెక్టర్‌లో నిమిషానికి 90 అడుగులు నడుస్తుంది. అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24. వెయ్యి అడుగుల రీలు తెర మీద పదకొండు నిమిషాలు. కృష్ణానగర్‌లోని నా గదిలో ఉన్న కాఫీ మెషిను, ఆరు కప్పుల డికాక్షన్ దించడానికి తీసుకున్న టైము 38 నిమిషాలు. ఇక మీరే గుణించుకోండి!

ముందు ఆ మెషిను నా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. చిన్న ఫ్లాష్‌బ్యాక్.

నేను ఫ్రీలాన్స్ జర్నలిస్టుని. అంటే, ఆఫీసు ఉండదు, సెలవు ఉండదు, ఒకటో తారీఖు కూడా ఉండదు. రెండేళ్ళ క్రితం ఒక సినిమా వెబ్‌సైటుకి రాసేవాణ్ణి. ఆఫీసులో మంచి ఏసీ, గోడ నిండా పోస్టర్లు, మూలన ఒక కాఫీ మెషిను. ఒక శుభముహూర్తాన వాళ్ళు దుకాణం కట్టేశారు. నాకు రావలసింది 42 వేలు. "పరిస్థితి చూస్తున్నారు కదండీ, కావాలంటే ఆఫీసు సామాన్లలో ఏదన్నా తీసుకెళ్ళండి" అన్నారు. కుర్చీలు అప్పటికే వెళ్ళిపోయాయి. కెమెరా ఎవరో పట్టుకుపోయారు. మిగిలింది కాఫీ మెషిను. కొత్తది కొన్నా రెండున్నర వేలు దాటదు. చంకలో పెట్టుకుని ఆటో ఎక్కాను. అంచేత ఈ మెషిను మీద నాకు మమకారమే కాదు, బాకీ కూడా ఉంది. అది తీర్చే ప్రతి కప్పూ నా జీతంలో ఒక వాయిదా అన్నమాట!

ఫ్లాష్‌బ్యాక్ అయిపోయింది. ఇక పెద్దాయన ఎంట్రీ.

ఆయన వయసు 83. మద్రాసు వడపళని కట్టింగ్ రూముల్లో ముప్ఫై ఏళ్ళు ఎడిటింగ్ అసిస్టెంటుగా పనిచేశాడు. పరిశ్రమ హైదరాబాదు వచ్చేశాక తనూ వచ్చేశాడు. పేరు రాయను. రాయొద్దని ఆయనే అన్నాడు. "ఏ తెర మీదా పడని పేరు నీ పేపర్లో పడితే ఎవరికి గుర్తొస్తుందోయ్" అని నవ్వాడు. పోస్టర్ మీద పేరు లేని వాళ్ళ గురించి రాయాలని నాకు ఎప్పటినుంచో ఉంది. హీరోల ఇంటర్వ్యూలు రాయడానికి నూరుమంది ఉన్నారు. మువియోలా మీద ఫిల్ము తిప్పిన చేతులు ఇంకెన్ని మిగిలాయి చెప్పండి?

ఆయనుండేది పక్క వీధిలోనే, కొడుకు దగ్గర. ఇంటర్ చదివే మనవడు ప్రతి గురువారం పొద్దున్న షటిల్ ఆడటానికి వెళుతూ, ఆరున్నరకి తాతగారిని స్కూటీ మీద మా మెట్ల దగ్గర దింపుతాడు. ఏడూ పావుకి వచ్చి హారన్ కొడతాడు. మధ్యలో 45 నిమిషాలు. అదే నా కాల్‌షీటు. పైగా ఆ నెలాఖరుకి ఆయన విశాఖపట్నంలో కూతురి దగ్గరికి వెళ్ళిపోతున్నాడు, మళ్ళీ రావడం అనుమానమే. లెక్కేస్తే నాకు మిగిలింది ఐదు గురువారాలు.

ఆయనకో షరతుంది. డాక్టరు రోజుకి ఒక్క కాఫీకే అనుమతి ఇచ్చాడు. ఆ ఒక్కటీ మంచిదై ఉండాలి. అది చేతికి రాకుండా సినిమా గురించి ఒక్క మాట మాట్లాడడు. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడతాడు, మునిసిపాలిటీ గురించి మాట్లాడతాడు. సినిమా మాత్రం... "గొంతు తడవందే సౌండ్ రాదోయ్!"

మొదటి గురువారం నేను తెలివి ప్రదర్శించాను. కింద వాటావాళ్ళ స్టీలు ఫిల్టరు అరువు తెచ్చి రాత్రే డికాక్షన్ వేసి ఉంచాను. పొద్దున్న పాలు కాచి, కలిపి, నురగ తెప్పించి అందించాను. ఒక్క గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశాడు.

"ఏమండీ గురువుగారూ, పంచదార తక్కువైందా?"

"కాదు నాయనా. ఇది సెకండ్ రన్."

అర్థమైందిగా? ఊళ్ళో హండ్రెడ్ డేస్ ఆడేసి, గీతలు పడి, పేటలో చిన్న హాలుకి వచ్చిన ప్రింటట! రాత్రి డికాక్షన్ ఆయన దగ్గర పనిచెయ్యదు. తాజాగా దిగాలి.

అంచేత రెండో గురువారం మెషిను రంగప్రవేశం చేసింది. ఆరూ ముప్ఫై రెండుకి స్విచ్ వేశాను. ఆఫీసులో ఉన్నప్పుడు అది ఆరేడు నిమిషాల్లో పని కానిచ్చేది. ఇక్కడ మాత్రం ఒక్కో చుక్కా ఆలోచించుకుని పడుతోంది. మధ్య మధ్య ఆగిపోతుంది, మళ్ళీ గొణుగుతుంది, మళ్ళీ ఆగిపోతుంది. అర్ధరాత్రి సీనులో కుళాయి చుక్కలు చూపించి భయపెడతారు చూడండి, అలా ఉంది. ఇద్దరం దాని ఎదురుగా కూర్చుని చూస్తున్నాం. నా ఫోన్లో రికార్డరు ఆన్ చేసే ఉంది. ఆ టేపు ఇప్పటికీ నా దగ్గరుంది. అందులో ఉన్నది గురకలాంటి మెషిను చప్పుడూ, నా దగ్గులూ.

ఏడూ పదికి డికాక్షన్ పూర్తయింది. పాలు కలిపి ఇచ్చేసరికి కింద హారన్. నిలబడే రెండు గుక్కలు తాగి, చేతి గడియారం చూసుకుని, "మూడువేల నాలుగువందల ఇరవై అడుగులు. నాలుగో రీలు నడుస్తోంది, ఇంకా టైటిల్సే పడలేదు కదోయ్!" అన్నాడు. మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

ఆ వారమంతా నాకు కాఫీ మెషినే లోకం. మొదట వోల్టేజిని అనుమానించాను. సాయంత్రం పెట్టి చూశాను, మధ్యాహ్నం పెట్టి చూశాను, అదే నడక. మిక్సీలు బాగుచేసే షాపుకి తీసుకెళితే అతను మూత కూడా తియ్యకుండా "కాయిల్ పోయింది సార్, తొమ్మిది వందలు" అన్నాడు. 42 వేల జీతంలో ఇంకో తొమ్మిది వందలు నేనే ఇవ్వడమా! తిరిగి పట్టుకొచ్చేశాను. మా అమ్మకి ఫోన్ చేస్తే, "ఇత్తడి ఫిల్టరు పంపిస్తానంటే వద్దన్నావు, అనుభవించు" అంది. అమ్మలు రిపేర్లు చెప్పరు, తీర్పులు చెబుతారు.

మూడో గురువారం ఆయనే పట్టించుకున్నాడు. ముందు నేను నీళ్ళలో కలిపే ఇన్‌స్టెంట్ కాఫీ ఇచ్చాను. "డబ్బింగ్ పిక్చర్. పెదాలు ఒకటంటే నాలిక ఇంకొకటంటోంది" అని పక్కన పెట్టేశాడు. తర్వాత మెషిను దగ్గరికి కుర్చీ జరుపుకుని అన్నాడు:

"ఏమోయ్, ప్రింటులో పిక్చరూ సౌండూ కలిసి ఉంటాయి. తప్పొస్తే ఎక్కడుందో తెలీదు. మా టేబిలు మీద పిక్చర్ వేరు, సౌండ్ వేరు. ఏది కొడుతోందో తెలియాలంటే రెండిటినీ విడదీసి విడివిడిగా నడిపిస్తాం. నీ మెషినులో ఉన్నవి రెండే కదా? నీళ్ళు, పొడి. పొడి తీసేసి ఒట్టి నీళ్ళు నడిపించు."

చూశారా! నేను బి.కాం. చదివాను, తొమ్మిది వందల షాపతను ఐ.టి.ఐ. చదివాడు. మా ఇద్దరికీ ఈ ముక్క తట్టలేదు. పొడి లేకుండా కూడా మెల్లగానే వస్తే తప్పు మెషినుది. చకచకా వస్తే తప్పు పొడిది.

నడిపించాం. 24 నిమిషాలు. 2,160 అడుగులు. అంటే మెషినులో తప్పుంది. కానీ 38 కాలేదు కాబట్టి పొడిలోనూ ఉంది. "ఇద్దరు విలన్లు" అన్నాను నేను. ఆయన చెయ్యి ఎత్తి ఆగమన్నాడు. కళ్ళు మూసుకుని వింటున్నాడు.

"ఆ టిక్ విన్నావా? చప్పుడు ఆగే ముందు టిక్. మళ్ళీ మొదలయ్యే ముందు టిక్. అది తనంతట తను ఆఫ్ అయి ఆన్ అవుతోంది. కాయిల్ పోతే అసలు వేడే ఎక్కదు కదటోయ్."

వారం రోజులు ఆ చప్పుడు నేనూ విన్నాను. నాకు గొణుగుడు వినిపించింది గానీ టిక్ వినిపించలేదు.

ఆ రాత్రి కూర్చుని ఈ మెషిను పుట్టుపూర్వోత్తరాలన్నీ చదివాను. నాకు తెలిసినంతలో మీకూ చెబుతాను, ఎప్పటికైనా పనికొస్తుంది. ఇలాంటి మెషిన్లో మోటారు లేదు, పంపు లేదు. వెనక ట్యాంకులో పోసిన నీళ్ళు ఒక సన్న గొట్టం ద్వారా కిందకి దిగుతాయి. జగ్గు కూర్చునే పళ్ళెం కిందే హీటరు ఉంటుంది, గొట్టం దాన్ని అంటుకుని వెళుతుంది. అక్కడ నీళ్ళు మరిగి బుడగలు పుడతాయి. వెనక్కి వెళ్ళనివ్వకుండా గొట్టంలో ఒక చిన్న వాల్వు ఉంటుంది కాబట్టి, ఆ బుడగలు నీళ్ళని పైకే తోస్తాయి. పైకెక్కిన నీళ్ళు పొడి మీద పడతాయి. అంతే! కాగితంలో కాఫీ వడపోయడం 1908లో జర్మనీలోని డ్రెస్డెన్‌లో మెలిట్టా బెంట్జ్ అనే ఇల్లాలు కనిపెట్టింది. పిల్లాడి నోటు పుస్తకంలోని అద్దుడు కాగితం చింపి, చిల్లులు పొడిచిన ఇత్తడి గిన్నెలో వేసి పేటెంటు కొట్టేసింది. కరెంటుతో నడిచే డ్రిప్ మెషిను 1954లో, అదీ జర్మనీలోనే వచ్చింది. మన దేశంలో మామ్మలు రెండంతస్తుల గిన్నెతో చేసే పనే ఇదంతా. కాకపోతే వాళ్ళకి టిక్ లేదు.

మరి విలన్ ఎవరు? మా బిల్డింగు నీళ్ళు! మంజీరా నీళ్ళు వచ్చేది రోజు విడిచి రోజు. మిగతాదంతా బోరు. ఆ నీళ్ళలో ఉన్న సున్నం వేడి తగలగానే గడ్డకట్టి అంటుకుంటుంది. వేణ్ణీళ్ళు కాచే గిన్నె అడుగున తెల్లగా పెచ్చు కడుతుంది చూడండి, అదే. మెషిను గొట్టంలోనూ అదే కట్టింది. ఒకటి, దారి ఇరుకైంది. రెండు, ఆ పెచ్చు కంబళిలా అడ్డం పడి హీటరు వేడిని నీళ్ళకి అందనివ్వడంలేదు. నీళ్ళకి అందని వేడితో పళ్ళెం కాలిపోతోంది, అది గమనించి లోపల కాపలా ఉన్న థర్మోస్టాట్ టిక్‌మని ఆపేస్తోంది. చల్లారాక టిక్‌మని మళ్ళీ వదులుతోంది. పాపం ఆఫీసులో మినరల్ వాటర్ తాగి పెరిగిన మెషిను, నా ఇంటికొచ్చి ఇలా అయింది.

మందు కిరాణా కొట్లో పదిహేను రూపాయలకి దొరికింది. నిమ్మఉప్పు. లీటరు నీళ్ళలో రెండు పెద్ద చెంచాలు కరిగించి ట్యాంకు నింపాను. జగ్గు కింద పెట్టి స్విచ్ వేశాను. సగం దిగాక ఆపేసి అరగంట వదిలేశాను. ఇదే కీలకం, తొందరపడితే లాభం లేదు, పులుపు లోపల కూర్చుని సున్నాన్ని కరిగించాలి. చెవి దగ్గర పెడితే సోడా సీసాలా చిటచిటలాడింది. మళ్ళీ స్విచ్ వేస్తే మిగతా సగం బుసలు కొడుతూ వచ్చింది. జగ్గులో చూద్దును కదా, గోడకి వేసిన సున్నం రాలినట్టు తెల్లటి పెచ్చులు! రెండోసారీ అదే పని చేశాను. తర్వాత మంచినీళ్ళతో మూడుసార్లు కడిగాను. (ఆ పుల్లనీళ్ళు రుచి చూడాలని కొందరికి బుద్ధి పుడుతుంది. వద్దు. నాకు పుట్టింది, చూశాను, అందుకే చెబుతున్నాను.)

ఒట్టి నీళ్ళు పోసి ఫోన్లో స్టాప్‌వాచ్ పెట్టాను. ఏడు నిమిషాలు! 630 అడుగులు! రాత్రి పదకొండు గంటలకి ఒక్కణ్ణే గదిలో విజిల్ వేశాను. పక్క గదిలో ఉన్న జూనియర్ ఆర్టిస్టు గోడ మీద కొట్టాడు.

నాలుగో గురువారం. హీరోలా నిలబడి, పొడి వేసి, స్విచ్ వేశాను. గురువుగారు కుర్చీలో, రికార్డరు బల్ల మీద, పక్కన నేను రాసుకున్న ప్రశ్నల కాగితాలు. నీళ్ళు జోరుగా పైకెక్కాయి. చూస్తూండగానే పొడి బుట్ట నిండిపోయింది. కిందకి మాత్రం సన్నధారే. మరుక్షణం బుట్ట పొంగింది! మడ్డితో సహా నల్లటి కాఫీ మెషిను నాలుగు వైపులా కారి, బల్ల మీద పరుగెత్తి, నా ప్రశ్నలన్నిటినీ ముంచేసి, నేల మీదకి దూకింది. నేను ఫోను లాగి, ప్లగ్గు పీకి, తువ్వాలు వెతుక్కుంటూ ఉంటే, ఆయన కాళ్ళు పైకెత్తి కుర్చీలో కూర్చుని పడీ పడీ నవ్వాడు. ఎనభై మూడేళ్ళ మనిషి అంతలా నవ్వుతుంటే కోపం ఎలా వస్తుంది చెప్పండి? నాకొచ్చింది. ఇంక ఒక్క గురువారమే మిగిలింది మరి.

"పిక్చర్ బాగుచేసి సౌండ్ మర్చిపోయావు" అన్నాడు తేరుకుని.

నిజమే, రెండో విలన్ని మర్చిపోయాను. మొన్నటిదాకా నీళ్ళే మెల్లగా రావడంతో వాడి అసలు రంగు బయటపడలేదు. నేను వాడేది మామూలు ఫిల్టరు కాఫీ పొడి. పైగా చౌక అని చికోరీ ఎక్కువున్నది. మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉంటే చాలని మన రూలు, మిగతాదంతా చికోరీ వేసుకోవచ్చు. చికోరీ నీళ్ళు తగలగానే ఉబ్బి జిగురుగా పట్టేస్తుంది. ఇత్తడి ఫిల్టరులో ఆ బద్ధకమే చిక్కటి డికాక్షన్ ఇస్తుంది, రాత్రంతా టైముంది దానికి. మెషినులో కాగితం మీద మెత్తటి పొడీ, చికోరీ కలిసి బురదలా అడ్డం పడతాయి.

కాఫీ పొడి ఆడించే కొట్టుకి వెళ్ళి, "అరకు గింజలు, చికోరీ వద్దు, బరకగా పట్టండి" అన్నాను. "ఎంత బరకగా?" అన్నాడతను. ఉప్మా రవ్వ చూపించాను. "ఫిల్టరుకి అయితే డికాక్షన్ పలచబడుతుంది సార్, మీ ఇష్టం" అన్నాడు. మంచివాడు, ముందే హెచ్చరించాడు. అందుకని పొడి రెండింతలు వెయ్యడం, నీళ్ళు సగానికి తగ్గించడం అలవాటు చేసుకున్నాను. బోరు నీళ్ళు మానేసి క్యాన్ నీళ్ళు పోశాను. బుధవారం రాత్రి మూడుసార్లు రిహార్సల్ వేశాను. నిద్ర పట్టలేదు. రిహార్సల్ కాఫీలు మూడూ నేనే తాగాను కదా!

ఐదో గురువారం. ఆరూ ముప్ఫై ఒకటికి స్విచ్. టిక్ లేదు, గొణుగుడు లేదు. ధార సన్నగా, తెగకుండా పడింది. సగం ట్యాంకే కాబట్టి నాలుగు నిమిషాల్లో అయిపోయింది. పాలు కలిపి ఇచ్చాను. గుక్క వేసి, ఏమీ అనలేదు. ఇంకో గుక్క వేశాడు.

"360 అడుగులు" అన్నాడు. "రిలీజు ప్రింటు."

అప్పుడు మొదలెట్టాడండీ! కట్టింగ్ రూములో తెల్ల గ్లవ్సు వేసుకునే పద్ధతి, ఫిల్ము అంచున నంబర్లు చూసి జత కుదర్చడం, కోసిన ముక్కల్ని గుడ్డ తొట్టెలో మేకులకి వేలాడదియ్యడం. డైరెక్టరు అర్ధరాత్రి వచ్చి "ఆ నవ్వు ముక్క కావాలి" అంటే, వందల ముక్కల్లోంచి దాన్ని వేళ్ళతో తడిమి తియ్యడం. అదీ అసిస్టెంటు పనే. పని అయిపోయాక ఆ ముక్కలన్నీ తూకానికి పోయేవట. వెండి తీసుకోవడానికి కొందరు, గాజులు చెయ్యడానికి కొందరు కొనుక్కునేవారట. "మీ అమ్మల చేతికి ఎందరి క్లోజప్పులున్నాయో!" అన్నాడు.

నేను ఆగలేక అడిగాను. ముప్ఫై ఏళ్ళు పనిచేసి ఒక్క సినిమాలోనూ పేరు పడలేదా?

"ఒకదాంట్లో పడింది. అంటే, కార్డు తీశారు. ఎడిటరుగారు మంచివాడు, ప్రొడ్యూసరుతో చెప్పి ఒప్పించాడు. అసిస్టెంటు అని, నా పేరు, నాలుగడుగుల కార్డు. రేపు ప్రింట్లు వేస్తారనగా, సినిమా నిడివి ఎక్కువైంది, ఎక్కడన్నా ఇంకో ముప్ఫై అడుగులు తీసెయ్యమన్నారు. ఎడిటరుగారు జ్వరంతో పడుకున్నారు. బల్ల మీద నేనొక్కణ్ణే. పాట ముట్టుకుంటే మ్యూజిక్ డైరెక్టరు ఊరుకోడు. హీరోని ముట్టుకుంటే ఎవరూ ఊరుకోరు. వెతికి వెతికి ఇరవయ్యారు అడుగులు పట్టాను."

ఆగాడు. నేను మిగతా లెక్క మనసులో వేసుకున్నాను. నాలుగడుగులు. 64 ఫ్రేములు. సెకన్లలో మూడు కూడా కాదు.

"మీరే కోశారా?"

"మరెవరు కోస్తారోయ్? అక్కడున్నది నేనే కదా." గ్లాసు అడుగున మిగిలింది తాగేశాడు. "పరవాలేదు, బాగానే అతికింది. జంప్ తెలీదు. ఆ సినిమా వందరోజులు ఆడింది."

ఇంటికి తెచ్చుకున్నారా ఆ ముక్క అని అడిగాను. తెచ్చుకున్నాడట. ట్రంకు పెట్టెలో ఉండేదట. మద్రాసు నుంచి వచ్చేటప్పుడు పెట్టె వానలో తడిసి, ముక్కకి ముక్క అతుక్కుపోయిందట. అది చెబుతున్నప్పుడు మాత్రం నా వైపు చూడలేదు, మెషిను వైపు చూస్తున్నాడు.

కింద హారన్ మోగింది. నేను కిటికీలోంచి తొంగి చూసి, "తమ్ముడూ, ఐదు నిమిషాలు!" అని అరిచాను. ఆయన జగ్గు వైపు చూసి, డాక్టరు వినకూడదన్నట్టు గొంతు తగ్గించి, "అర గ్లాసు పొయ్యి" అన్నాడు. పోశాను.

ఆ శనివారం ఆయన విశాఖ వెళ్ళిపోయాడు. మూడు వారాలు ఏ కబురూ లేదు. నిన్న పొద్దున్న ఏడు గంటలకి ఫోన్ మోగింది.

"ఏమోయ్, మా అల్లుడింట్లోనూ ఒక మెషిను ఉంది. వెయ్యి అడుగులు దాటిపోతోంది, టిక్ కూడా వినబడుతోంది. వీళ్ళు కొత్తది కొంటామంటున్నారు, నేనే ఆపాను. నిమ్మఉప్పు ఎన్ని చెంచాలన్నావు?"

"లీటరుకి రెండు, గురువుగారూ. సగంలో ఆపి అరగంట ఉంచండి."

"ఉండు, రాసుకుంటున్నాను" అన్నాడు.